చక్రాల కింది చెక్కలు

“క్లచ్‌కీ బ్రేకుకీ కట్టుకునే నా చెక్కలు ఏవి?”

అడిగి, ఆమె ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. భర్త కళ్లజోడు తీసి, మరకే లేని అద్దాన్ని చొక్కా అంచుతో తుడవసాగాడు. కొడుకు వంగి, అప్పటికే తళతళలాడుతున్న బంపరును మళ్లీ గుడ్డ పెట్టి రుద్దాడు. ఫోటో తీయడానికి ఫోను ఎత్తిపట్టిన కోడలు, దాన్ని దించాలో ఉంచాలో తెలియక మామగారి వైపు చూసింది.

అంతవరకు అది రోజూ లాంటి ఉదయమే. పొయ్యి మీద పాలు, హాల్లో ఎవరూ వినని రేడియో, పెరటి షెడ్డు లోంచి లోపలికి కొట్టే రంగు వాసన. ఏడాదిగా ఆ ఇంటికి ఆ వాసన తప్ప మరో వాసన లేదు. షెడ్డులో ఉన్నది ఒక పాత కారు. వీపు గుండ్రంగా, ముక్కు బొద్దుగా, బూడిద రంగులో ఉండేది కనక పెళ్లయిన కొత్తలో దానికి గున్న అని ఆమే పేరు పెట్టింది. చాలా ఏళ్లు టార్పాలిన్ కింద తుప్పు పట్టిన ఆ గున్నకు మళ్లీ ప్రాణం పోయాలని కొడుకుకు పట్టుదల పుట్టింది. అతను లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. తండ్రి ఊళ్ల భూములు కొలిచి రిటైరైన సర్వేయరు. ఇద్దరూ కలిసి తుప్పు గీకారు, లప్పం పెట్టారు, ఉప్పు కాగితంతో అరిచేతులు అరిగేలా రుద్దారు, ఇంజను విప్పి వంటింటి బల్ల మీద పరిచారు. ఆమె నెల రోజుల పాటు స్టీలు గిన్నెల పక్కన పిస్టన్లు ఆరబెట్టినా సహించింది. ఆదివారం పాత కార్ల ప్రదర్శన. గున్న మళ్లీ గేటు దాటే రోజు అదే. ఆ గేటు దాటించేది తానేనని ఆమె లోలోపల నిశ్చయించుకుంది. అది ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

ఆ ఉదయం కొడుకు ఫోటో కోసం పిలిచాడు. ఆమె నేరుగా వెళ్లి స్టీరింగ్ వైపు తలుపు తీసింది.

“అమ్మా, అది నాన్న సీటు. నువ్వు ఇటు పక్కకి రా.”

“ఇక్కడ కూర్చుంటే ఫోటోకి పనికిరానా?” అంటూనే ఆమె ఎక్కి కూర్చుంది. కొత్త సీటు గట్టిగా ఉంది. చేతులు స్టీరింగ్‌ను పట్టుకున్నాయి. ఎడమ కాలు, ఎవరూ చెప్పకుండానే, క్లచ్ కోసం ముందుకు సాగింది. సాగి, అందక, గాలిలో వేలాడింది. పుట్టుకతో పొట్టి మనిషి. ఆ కాలికి ఆ పెడల్ ఏనాడూ తనంతట తాను అందింది లేదు. అందుకే రెండు చెక్కలు ఉండేవి. తోలు పట్టీలతో పెడళ్లకు కట్టుకుని నడిపేది. పని అయ్యాక విప్పి సీటు కింద దాచేది. ఆమె వంగి సీటు కింద చెయ్యి పెట్టి తడిమింది. చేతికి కొత్త కార్పెట్టు తప్ప ఏదీ తగల్లేదు.

అప్పుడు అడిగిన ప్రశ్న అది.

“ఏ చెక్కలమ్మా?” అన్నాడు కొడుకు చివరికి. “ఆ, అవునవును. నువ్వు కూడా అప్పట్లో కాస్త నేర్చుకున్నావు కదూ! నాన్న చెప్పారు.”

కాస్త. ఆ మాట ఆమె చెవిలో ఇసుకలా పడింది.

“ఏమండీ, నేను కాస్త నేర్చుకున్నానా?”

“అబ్బా, పొద్దున్నే మొదలెట్టకే,” అన్నాడు భర్త, కళ్లజోడు పెట్టుకుని. “పాత సామాను. ఎక్కడో ఉంటాయిలే. వెతుకుదాం.”

“ఉన్నా ఇప్పుడు కట్టడం కుదరదమ్మా,” అన్నాడు కొడుకు నచ్చజెప్పే గొంతుతో. “ప్రదర్శన పెట్టే సంఘం వాళ్లకి ఒక పద్ధతుంది. కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి. కంటికి కనపడే మార్పు ఉంటే మార్కులు తీసేస్తారు.”

“మరి నువ్వు పెట్టిన పవర్ స్టీరింగ్?”

“అది డాష్‌బోర్డు వెనక ఉంది. కనపడదు.”

“ఏసీ?”

“వెనక సీటు కింద.”

“ఆ పాటల డబ్బాలు?”

“తలుపుల లోపల. అదే చెబుతున్నానమ్మా, కనపడనంతవరకు ఏం మార్చినా ఫర్వాలేదు.”

“బాగుంది. నీ పాటలకి అడ్డం రాని ఫ్యాక్టరీ నా కాళ్ల దగ్గరికొచ్చేసరికి అడ్డమొచ్చింది,” అని ఆమె దిగి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు ఆమె ఒక చోట కుదురుగా నిలవలేదు. మంచాల కింద వెతికింది. అటక మీది పెట్టెలు దింపించి చూసింది. మెట్ల కింద పాత గొడుగులూ విరిగిన కుర్చీ కాళ్లూ బయటపడ్డాయి గాని చెక్కలు కాదు. కూరగాయలు తరగడానికి కూర్చుని, సగంలో లేచి, నీళ్ల హీటరు వెనక చెయ్యి పెట్టి బూజు పూసుకొచ్చింది. సాయంత్రం కోడలు కాలేజీ నుంచి వచ్చేసరికి అత్తగారు స్టూలెక్కి అలమర పైభాగం తడుముతోంది.

“అత్తయ్యా, దిగండి! మోకాలు సంగతి మర్చిపోయారా? అంత ముఖ్యమా ఆ చెక్కలు?”

“నువ్వు నీ కళ్లజోడు లేకుండా క్లాసు చెప్పగలవా?”

“చెప్పలేను.”

“అంత ముఖ్యం.”

కోడలు స్టూలు పట్టుకుని నిలబడింది. “నిజంగా మీరు బాగా నడిపేవారా? నన్ను ఆటపట్టించడం లేదు కదా?”

ఆమె అలమర మీద దుమ్ములో వేలితో ఏదో గీత గీసింది. ఆ రోజుల్లో ఆమె ఇంటింటికీ వెళ్లి పురుళ్లు పోసే నర్సు. పగలనక, రాత్రనక ఎవరో తలుపు తట్టేవారు. గున్న వెనక సీటులో నెలలు నిండిన ఆడవాళ్లు మూలిగారు, తిట్టారు, ఆమె భుజం కొరికారు. వీధి ఆమెకు ‘కారు నర్సమ్మ’ అని పేరు పెట్టింది. స్టీరింగ్ వెనక మనిషి లేకుండానే కారు దానంతటది వస్తోందని జనం మొదట్లో జడుసుకునేవారు. పిల్లవాడు నడక నేర్చే నాటికి ఆమెకు పెద్ద ఆసుపత్రిలో వార్డు పని వచ్చింది. ఆసుపత్రి బస్సు ఇంటి ముందే ఆగేది. అప్పటి నుంచి కారు భర్త చేతికి వచ్చింది. కొడుకు జ్ఞాపకం అక్కడి నుంచే మొదలైంది. ఇదంతా ఆమె చెప్పింది. కోడలు వింది. కాని కోడలికి తెలిసిన గున్న కథ వేరు. పెళ్లిచూపుల నాటి నుంచి ఈ ఇంట్లో ఆమె విన్న కథలో కారు నడిపే మనిషికి ఎప్పుడూ మీసాలున్నాయి.

శుక్రవారం బోర్డు వచ్చింది. ప్రదర్శనలో కారు పక్కన నిలబెట్టడానికి కొడుకు అచ్చు వేయించినది. దాని మీద యవ్వనంలో ఉన్న తండ్రి, ఒక మోచెయ్యి కిటికీ మీద ఆనించి, స్టీరింగ్ వెనక నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో: ‘మా నాన్నగారి గున్న. నేను పుట్టిన రోజు జడివానలో మా అమ్మను ఆసుపత్రికి చేర్చిన చేతులు ఇవే.’

హాల్లో గోడకు ఆనించిన ఆ బోర్డు ముందు ఆమె నిలబడింది. ఫోటో తీసింది తనే. ఆ రోజు గున్న ముందు చక్రం పంక్చరై, కారు ఇటుకల మీద నిలబడి ఉంది. ఆ ఇటుకలు ఉన్న భాగం కొడుకు కత్తిరించేశాడు.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు కొడుకు ముచ్చటగా.

“అక్షరాలు పొందికగా ఉన్నాయి,” అంది ఆమె, అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ అనకుండా. తలతిప్పి భర్తను చూసింది. ఆయన పేపరులో తల దూర్చాడు. సరిహద్దు రాయి జానెడు జరిగినా ఊరుకోకుండా పై అధికారికి రాసే మనిషి. సొంత ఇంట్లో రాయి ఏకంగా ఈ చివరి నుంచి ఆ చివరకు జరిగిపోతే చక్కగా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. తప్పు ఆయన ఒక్కడిదే కూడా కాదు. ఆ కథ మొదటిసారి చుట్టాల ముందు చెప్పినప్పుడు ఆమె పక్కనే ఉంది. నవ్వి ఊరుకుంది. చిన్న విషయమనుకుంది. ఊరుకున్న నవ్వులు ఏళ్ల తరబడి పేరుకుని బోర్డు అయ్యాయి.

శనివారం మధ్యాహ్నం పాత కార్ల సంఘం కార్యదర్శి కారు చూడటానికి వచ్చాడు. సన్నగా పొడుగ్గా, చేతిలో టార్చి లైటు, కర్రకు కట్టిన చిన్న అద్దం. ఆ అద్దాన్ని కారు కిందికి పోనిచ్చి, పళ్ల డాక్టరులా తల ఊపుతూ చుట్టూ తిరిగాడు. కోడలు టీ తెచ్చింది. ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడింది.

“చాలా శ్రద్ధగా చేశారు,” అన్నాడు కార్యదర్శి. “ఈ మోడల్ క్లచ్ మహా గట్టి. మీకు కాలు నొప్పి పుట్టేది కాదా సార్?”

“అలవాటైపోయిందండీ,” అన్నాడు ఆమె భర్త. “మా అబ్బాయి పుట్టిన రోజు చూడాలి! ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. రోడ్డు కనపడదు. సరిగ్గా అప్పుడే వైపరు చచ్చింది. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చెయ్యి కిటికీ లోంచి బయటికి చాపి అద్దం తుడుచుకుంటూ...”

వాన నిజం. వైపరు ఆగిపోవడం నిజం. కిటికీ లోంచి చెయ్యి చాపి దారి పొడుగునా అద్దం తుడవడమూ నిజమే. తుడిచింది ఆయనే. పక్క సీటు లోంచి.

“మరి క్లచ్ ఎవరు తొక్కారండీ?” అంది ఆమె.

భర్త చూపు టైర్ల మీదికి తిప్పుకున్నాడు.

“అమ్మా, ప్లీజ్,” అన్నాడు కొడుకు గొంతు తగ్గించి. “బయటివాళ్ల ముందు...”

“బోర్డు లోపలివాళ్ల కోసమా అచ్చు వేయించావు?”

“ఒక్క రోజమ్మా! ఏడాది కష్టపడ్డాం. నీకు చెక్కలే కావాలంటే సోమవారం కొత్తవి చేయించి పెడతాను. ఒక్క రోజు నాన్నని సంతోషంగా ఉండనివ్వలేవా?” అతని మొహం ఎర్రబడింది. కార్యదర్శి వైపు తిరిగి, మాట మార్చాలని, “టైర్లు చూస్తానన్నారు కదండీ, కారు కొంచెం ముందుకు తోద్దాం,” అన్నాడు. వెనక చక్రాల దగ్గర వంగి, కారు దొర్లిపోకుండా అడ్డుపెట్టిన చెక్కలు రెండూ లాగి, విసురుగా పక్కకు వేశాడు. అవి దొర్లుకుంటూ వచ్చి ఆమె పాదాల దగ్గర ఆగాయి.

గ్రీజుతో నల్లబడ్డ రెండు దిమ్మలు. ఏడాదిగా ఆ షెడ్డులో వాటిని అందరూ చూశారు. తనూ చూసింది, టీ ఇవ్వడానికి వచ్చిన ప్రతిసారీ. ఆమె మెల్లగా, మోకాలు పట్టుకుని, వంగి ఒకటి తీసింది. భుజం మీది తువ్వాలుతో రుద్దింది. అంచున తోలు పట్టీ ఒరుసుకుని పడిన గాడి. పైన, కాలి బొటనవేలు ఆనే చోట, నున్నగా అరిగిన గుంట. దానిలో ఆమె చేతి బొటనవేలు పెట్టింది. అచ్చంగా సరిపోయింది.

“అది మురికిదమ్మా, చేతులు...” అంటూ దగ్గరికి వచ్చిన కొడుకు ఆగిపోయాడు.

“గున్న కదలడానికి పనికొచ్చినవి ఇవి,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “కదలకుండా ఉండటానికి వాడుకున్నావు.”

“నాకు తెలీదమ్మా. షెడ్డు మూల దొరికితే... నాన్నా, మీరు చూశారు కదా నేను పెడుతుంటే! మీరేమీ అనలేదు!”

భర్త దొరికినదాన్ని పట్టుకున్నట్టు కారు తలుపు పట్టుకున్నాడు. కొడుకు తల్లి చేతిలోని చెక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఇంజనీరు చూపు అతనిది. వెంటనే పట్టేశాడు. “ఇది ఒకే చెక్క కాదు. రెండు పొరలు. కింద ముదురు రంగు, పైన లేత రంగు. తర్వాత మేకులు కొట్టి అతికించారు. ఎందుకమ్మా?”

“మీ నాన్నని అడుగు. కొలిచిందీ ఆయనే. కోసిందీ ఆయనే.”

“నాన్నా?”

కోడలు టీ పళ్లెం మెల్లగా బానెట్ మీద పెట్టింది. కొత్త రంగు మీద పెట్టకూడదని ఎవరూ అనలేదు.

“కింది పొర మీ అమ్మ కాలికి,” అన్నాడు ఆయన చివరికి. “పైది... నీకురా.”

“నాకా?”

“నువ్వు కడుపులో పెరుగుతుంటే స్టీరింగ్‌కీ పొట్టకీ మధ్య చోటు చాల్లేదు. పని మానేయమన్నాను. విన్నదా? సీటు వెనక్కి జరపమంది. జరిపితే మళ్లీ కాలు అందలేదు. అందుకని ఇంకో పొర కొట్టాను. టేపు పెట్టి కొలిచి మరీ కొట్టాను. ఆఖరి రోజు దాకా అలాగే నడిపింది. ఆ వానలో కూడా... నొప్పులు వస్తుంటే గేరు మారుస్తూ, వీధి చివర బండి ఆపి, పళ్లు బిగబట్టి, మళ్లీ కదిలించింది. నాకు అప్పటికి డ్రైవింగ్ రాదురా. నేను అద్దం తుడిచాను. అంతే.”

కొడుకు చెక్కను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ లేత పొర మీద బొటనవేలు అలా నిలిచిపోయింది. తన కోసం ఈ లోకంలో తయారైన మొదటి వస్తువు అది. ఊయల కంటే ముందు, చొక్కా కంటే ముందు. దాన్ని ఏడాదిగా టైరు కింద పెట్టి తొక్కించాడు.

“మరి ఎందుకు నాన్నా ఇన్నేళ్లూ...”

“కారు నర్సమ్మ గారి ఆయన. నన్ను వీధంతా అలాగే పిలిచేది. నాకో పేరుందని ఎవరికీ గుర్తు లేదు. ఒకసారి ఎవరికో సరదాకి అలా చెప్పాను. వాళ్లు నమ్మారు. నమ్మితే ఎంత బాగుందో! పక్క సీట్లో కూర్చున్నవాడి కథ ఎవరు వింటారు?”

ఆమె భర్త దగ్గరకు నడిచింది. షెడ్డులో ఉన్నవాళ్లు పెద్ద మాట ఏదో పడుతుందనుకున్నారు.

“ఆ అద్దం మీరు తుడవకపోతే నేను ఎక్కడికి పోయేదాన్ని?” అంది. “ఆసుపత్రికి చేరేసరికి మీ చెయ్యి చలికి కొయ్యబారి, వేళ్లు ముడుచుకోలేదు. పిల్లాణ్ని ఎత్తుకోవడానికి కూడా రాలేదు మీకు. ఆ కథ చాలలేదా? దాంట్లో సిగ్గుపడాల్సింది ఏముందని దాచి, నాది లాక్కున్నారు? నాది నాకిచ్చి మీది మీరు చెప్పుకుని ఉంటే, ఇద్దరం ఉండేవాళ్లం కదా ఆ కారులో!”

ఆయన కళ్లజోడు తీశాడు. ఈసారి అద్దం నిజంగానే తడిసింది.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. “చెప్పక తప్పదండీ. ఆ చెక్కలు కడితే కంటికి కనపడే మార్పు కిందికి వస్తుంది. బహుమతి ఆశ వదులుకోవాలి.”

“వదిలేశాం,” అన్నాడు కొడుకు, చెక్క మీద నుంచి చూపు తిప్పకుండానే.

“పవర్ స్టీరింగ్ దాచినంత తేలిక కాదండీ మా అత్తయ్యను దాచడం,” అంది కోడలు, కళ్లు తుడుచుకుంటూనే. కార్యదర్శి తన కర్ర అద్దాన్ని చంకన పెట్టుకుని, వెళ్లేముందు ఆమెకు, ఒక్క ఆమెకే, నమస్కారం పెట్టాడు.

ఆ సాయంత్రం భర్త తన తోలు బెల్టును కోసి పట్టీలు చేశాడు. కోసేముందు టేపు పెట్టి కొలిచాడు. కోడలు బోర్డును వెనక్కి తిప్పి గోడకు నిలబెట్టింది. కొడుకు అసలు ఫోటోను, కత్తిరించకుండా, ఇటుకలతో సహా మళ్లీ అచ్చు వేయించాడు. దాని కింద ఏం రాయాలని తల్లిని అడిగితే, “జరిగింది రాయి, చాలు,” అంది.

ఆదివారం ఉదయం ఆయన కారు నేల మీద మోకాళ్లు ఆనించి పెడళ్లకు చెక్కలు కట్టాడు. ఆమె ఎక్కింది. ఎడమ కాలు చాపింది. అందింది. అందగానే మోకాలు వణికింది. ఇన్నేళ్లలో క్లచ్ మెత్తబడలేదు, కాలే మెత్తబడింది. గేటు దగ్గర ఇంజను ఒక కుదుపుతో ఆగిపోయింది. వెనక సీటులో కొడుకు ఊపిరి బిగబట్టాడు గాని, “నేను నడపనా?” అని అడగలేదు. ఆ మాట అడగకపోవడానికి అతను ఎంత కష్టపడ్డాడో అద్దంలో ఆమెకు కనిపించింది.

“తొందరేం లేదు,” అన్నాడు పక్క సీటు లోంచి భర్త. “నేను అద్దం తుడుస్తుంటాను.”

“వానెక్కడుందండీ?”

“అలవాటు పోగొట్టుకోకూడదు కదే.”

ఆమె నవ్వింది. మళ్లీ తాళం తిప్పింది. గున్న మూలిగి, ఒళ్లు విరుచుకుని, గేటు దాటింది.

బహుమతి రాలేదు. ఆ ఇంట్లో దాని ఊసు ఎవరూ ఎత్తలేదు కూడా.

ఇంతవరకు చదివినవారు కళ్లు ఒత్తుకుని, బాగుందనుకుని, మరో కథకు వెళ్లిపోవచ్చు. వెళ్లకండి. మీ ఇంట్లో ఒక కథ ఉంది, దాన్ని చెప్పే గొంతు ఒకటే, చప్పట్లూ ఒకరికే. అది చెబుతుండగా గుమ్మం దగ్గర నవ్వి ఊరుకునే మనిషి ఒకరున్నారు. ఇప్పుడే లేచి ఆ మనిషి దగ్గరకు వెళ్లండి. ఆ రోజు నిజంగా బండి నడిపింది ఎవరని అడగండి. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినండి.